నమూనాలపై అంటుబొమ్మలు

ఒక వస్తువును తయారుచేయుట యొక విద్య. దానిపై బొమ్మను చెదరకుండ నిలుపుట మఱియొక విద్య. శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురము, ధర్మవరము, పెనుకొండ పరిసరములలో ఈ రెండవ విద్య మూడు రూపములలో కానవచ్చును.

హిందూపురమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరములోనున్న లేపాక్షి వీరభద్రాలయమున, మండపముల పైకప్పులపై 16వ శతాబ్దినాటి చిత్రములు గలవు. ఆనాటి చిత్రకారులు రాతిపై నేరుగా రంగులు పూయలేదు. ముందుగా సున్నపుపూత వేసి, నునుపుచేసి, దానిపై రేఖలు గీసి రంగులు నింపిరి. పూత రాలినచోట చిత్రమును రాలిపోయినది. పూత గట్టిగా నిలిచినచోట పార్వతీ కల్యాణము వంటి ఘట్టములు నేటికిని చూపరులను ఆకర్షించుచున్నవి.

ధర్మవరము మండలములోని నిమ్మలకుంట తోలుబొమ్మలకు ప్రసిద్ధి. ఆ గ్రామమునకు చెందిన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ పురస్కారము లభించినది. అచ్చటి కళాకారులు మేకతోలును నానబెట్టి, వెండ్రుకలు తొలగించి, బిగించి ఆరబెట్టుదురు. తోలు శుభ్రపడి, వెలుగు ప్రసరించునంత పలుచనైన పిమ్మటనే దానిపై బొమ్మ గీసి, ఉలితో రంధ్రములు చెక్కి, రెండు వైపులను రంగులు వేయుదురు.

పెనుకొండ సమీపమున ఎర్రమంచివద్ద నున్న కియా కర్మాగారములో 2019లో కార్ల ఉత్పత్తి ప్రారంభమైనది. కార్ల నిర్మాణములోను లోహపు రేకును కడిగి, తుప్పును నిరోధించు పూత పూసిన తరువాతనే రంగు వేయుదురు. ఆ రంగుపై మెరుగుపూత పూయుదురు.

సున్నము, తోలు, లోహము - ఈ మూటియందును ధర్మ మొక్కటే. బొమ్మ నిలుచుట దాని క్రింది నేలను బట్టి యుండును. పాఠశాలల ప్రదర్శనలకు విద్యార్థులు కూర్చు ప్లాస్టిక్ నమూనాల విషయమునను ఇది సత్యము.

ఇట్టి నమూనా అసలు వస్తువునకు నిర్ణీత ప్రమాణములో చిన్నరూపము. 432 సెంటీమీటర్ల పొడవుగల కారును ఇరువదినాలుగవ వంతు ప్రమాణమున చేసినచో అది 18 సెంటీమీటర్లు మాత్రమే యుండును. అంత చిన్న తలుపుపై అంకెను, గుర్తును కుంచెతో వ్రాయుట దుస్సాధ్యము. అందువలన అచ్చువేసిన అంటుబొమ్మలను వాడుదురు. వీనినే డెకాల్ అందురు. ఈ పేరు ఫ్రెంచి భాషనుండి వచ్చినది. 19వ శతాబ్దములో ఐరోపాలో ఇట్టి బొమ్మలను గాజుసామానులపై, చెక్కపెట్టెలపై అంటించుట వేలంవెఱ్ఱిగా నుండెను.

నీటి అంటుబొమ్మలో మూడు పొరలు గలవు. అడుగున కాగితము, దానిపై నీటిలో కరుగు జిగురు, ఆ పైన పారదర్శకమగు సన్నని పొరపై అచ్చువేసిన బొమ్మ. నీటిలో ముంచగానే జిగురు మెత్తబడును. అప్పుడు బొమ్మ కాగితమును విడిచి జారును. నమూనాపై చేరి, నడుమనున్న నీరు ఆరిపోయిన పిదప, మిగిలిన జిగురుతో అంటుకొనును.

ఇందు ప్రధాన శత్రువు గాలి. మెరుపులేని రంగు చేతికి నునుపుగా తోచినను, భూతద్దముతో చూచిన గరుకుగా నుండును. బొమ్మను దానిపై పరచినచో, ఆ గుంతలలో గాలి చిక్కుకొనును. వెలుతురు ఆ గాలి అరలవద్ద చెదరి, బొమ్మ చుట్టును వెండివలె తెల్లని మరక కనబడును. తరువాత ఎంత తుడిచినను అది పోదు. కావున ముందుగానే మెరుగు వార్నీషును పలుచగా పూసి, గుంతలను పూడ్చవలెను. ఆ పూత కనీస మొకదినము ఆరవలెను. పిమ్మట దుమ్మును, చేతి జిడ్డును తడిగుడ్డతో తుడువవలెను.

తరువాత బొమ్మను దాని అంచు వెంబడి కత్తిరించి, పట్టకారుతో గోరువెచ్చని నీటిలో ముంచవలెను. పదిపదునైదు క్షణములు చాలును. వెలికిదీసి, ఒక నిమిషము పక్కన నుంచిన జిగురు వదులగును. అది నీటిలోనే యుండిపోయినచో జిగురంతయు కొట్టుకొనిపోవును. ఇంతలో నమూనాపై బొమ్మ నిలువవలసిన చోటును కుంచెతో తడుపవలెను. కాగితమును దాని పక్కన ఆనించి, బొమ్మను మెత్తని కుంచెతో మెల్లగా నెట్టవలెను. వ్రేళ్లతో ఎత్తినచో బొమ్మ ముడుచుకొనును, లేదా చినుగును.

నీరున్నంతవరకే బొమ్మను సరిదిద్ద వీలగును. ఈ ప్రాంతము స్వల్ప వర్షపాతము గలది. వేసవిలో పొడిగాలికి నీరు వేగముగా ఆరును, దుమ్మును లేచును. అందుచేత ఉదయము చల్లనివేళ, గాలి తగులని గదిలో ఈ పని చేయుట మేలు. బొమ్మ సరియైన చోట కుదిరిన తరువాత, తడిపిన దూదితో నడుమనుండి అంచులవైపునకు అద్దవలెను. అంచులనుండి నడుమకు అద్దినచో నీరు, గాలి బయటికి పోవు దారిలేక లోపలనే బుడగలగును.

కారు ముందుభాగమువంటి వంపులపై బొమ్మ ఒదుగదు. అందుకు పొరను మెత్తపరచు ద్రవము గలదు. దానిని పూయగానే బొమ్మ ముడుతలు పడును. దానిని చూచి కంగారుపడి చేయిపెట్టిన వారి శ్రమయంతయు వ్యర్థమగును. తాకక విడిచినచో, ఆరుచున్నకొలది ముడుతలు తమంతటతామే సడలి, బొమ్మ వంపులో ఒదిగిపోవును. ఎచ్చటనైన బుడగ మిగిలినచో సన్నని సూదిమొనతో గ్రుచ్చి, ఒక చుక్క ద్రవము వేసి, తడిదూదితో అద్దవలెను.

పాతబడిన బొమ్మలు నీటిలో ముంచగానే ముక్కలగుటయు గలదు. కావున అవసరములేని చిన్న బొమ్మ నొకదానిని ముందుగా పరీక్షించుట వివేకము.

రాత్రియంతయు ఆరిన తరువాత చుట్టును మిగిలిన జిగురును తడిగుడ్డతో తుడిచి, పైన వార్నీషును పలుచగా పూయవలెను. ఇది బొమ్మను గీతలనుండి కాపాడును, దాని అంచును కప్పును.

నమూనాను దీపమువద్ద ఏటవాలుగా పట్టి చూచిన ఫలితము తెలియును. బొమ్మ అంచు వేరుగా మెరసినచో క్రింద గాలి యున్నదని అర్థము. కారు రంగుతో కలిసిపోయి, ఆ అంకె తలుపుపైననే వ్రాయబడినట్లు తోచినచో పని నెరవేరినది. ప్రదర్శనలో చూచువారు కారు బాగున్నదందురు. అంటుబొమ్మ మాట ఎవరును ఎత్తరు. దానిని అంటించిన విద్యార్థికి అంతకుమించిన మెప్పు లేదు.