బల్లమీది విశాఖ రేవు

కర్నూలు, కడప సీమలలో పుట్టి పెరిగినవారికి సముద్రము చాలవరకు వినికిడి వస్తువే. కుందూనది సన్నబడుట, పెన్న యిసుకమేటలు వేయుట మనము చూచియున్నాము గాని, ఓడ లంగరెత్తుట చూచినవారు మనలో కొలదిమందియే. అయినను ఈ సీమకు నావలు బొత్తిగా క్రొత్తవి కావు. తుంగభద్రమీది సుంకేసులనుండి కడపవరకు వచ్చు కాలువను 1863 మొదలు 1870వరకు ఒక ఇంగ్లీషు కంపెనీవారు నీటిపారుదలకే గాక పడవల రాకపోకలకును అనువుగా త్రవ్వించిరి. 1882లో ప్రభుత్వమువారు దానిని కొనిరి. కాలక్రమమున పడవలు పోయినవి. పొలములకు నీరు మిగిలినది.

సముద్రమెరుగనివారికి ఓడల యుద్ధముతో పనియేమని ఎవరైనను అడుగవచ్చును. ఈ ప్రశ్నకు స్కాట్లండునందలి జాన్ క్లార్క్ జీవితమే సమాధానము. ఆయన వ్యాపారి; బొగ్గుగనులు గలవాడు; నౌకాదళమున కొలువు చేసినవాడు కాడు. చిన్న ఓడబొమ్మలను బల్లమీద పేర్చి, గాలి ఇటు వీచినపుడు ఏ ఓడ ఎటు పోగలదో జరిపి చూచుకొనుచు, నౌకాయుద్ధ తంత్రమునుగూర్చి ఒక గ్రంథము రచించెను. దాని మొదటి భాగము 1782లో అచ్చయినది. 1898లో ఫ్రెడ్ జేన్ అను ఆంగ్లేయుడు ఇట్టి ఆటకు నియమావళిని ప్రకటించెను. నేడు ఈ వినోదము లోకమున పలుచోట్ల నున్నది.

ఈ ఆటకు కథ వెదకుకొనుచు పరదేశములకు పోనక్కరలేదు. 1804 సెప్టెంబరు 15వ తేదీన మన విశాఖపట్నము రేవులోనే ఇట్టి యుద్ధము జరిగినది. అప్పటికి కడప ప్రాంతము కంపెనీవారి చేతిలోనికి వచ్చి నాలుగేండ్లు. మన్రో దొర దత్తమండలములకు కలెక్టరు. కర్నూలు నవాబుల యేలుబడిలోనే యున్నది. ఆనాడు సెంచూరియన్ అను 50 ఫిరంగుల ఇంగ్లీషు ఓడ, బార్నబీ, ప్రిన్సెస్ షార్లెట్ అను రెండు వర్తకపు ఓడలకు కాపుగా రేవులో లంగరువేసి యుండెను. ఫ్రెంచి సేనాని లినోవా 74 ఫిరంగుల మారెంగో ఓడతోను, రెండు ఫ్రిగేటులతోను వచ్చి పడెను. సెంచూరియన్ కెప్టెను జేమ్స్ లిండ్ ఆ సమయమున ఒడ్డుననుండెను. ఓడను నడపు భారము లెఫ్టినెంటు ఫిలిప్స్ మీద పడినది. పోరు నడుచుచుండగనే లిండ్ పడవ యెక్కి తన ఓడను చేరుకొనెను. బార్నబీ ఒడ్డునకు కొట్టుకొనిపోయి పగిలినది. ప్రిన్సెస్ షార్లెట్ శత్రువునకు లోబడినది. సెంచూరియన్ మాత్రము లొంగలేదు. లినోవా దానిని విడిచి వెడలిపోయెను.

ఇక బొమ్మల మాట. అంగడిలో దొరకు తెరచాపల యుద్ధనౌకలు సాధారణముగా చాపలన్నియు గాలికి నిండి, నడిసముద్రమున పరుగెత్తుచున్నట్లు చేయబడియుండును. అలమారలో నిలుపుటకు అవి అందముగానే యుండును. కాని మన కథలోని ఓడ రేవులో కట్టుబడియున్నది. నిండు చాపల బొమ్మను అక్కడ నిలిపినచో ఆటగాండ్రు దానిని కదలు ఓడగానే భావింతురు. ఓడ కదలలేకపోవుటయే ఆనాటి చిక్కు. కనుక బొమ్మను మార్చుట అలంకారముకొరకు కాదు. ఆ చిక్కును కంటికి కనబరచుటకు.

నూరడుగులను ఒక అంగుళముగా, అనగా 1200వ వంతుగా కుదించిన బొమ్మలు బల్లకు తగినవి. ఈ లెక్కన మారెంగో 46 మిల్లీమీటర్లకు కొంచెము పైన, సెంచూరియన్ 37 మిల్లీమీటర్లు ఉండవలెను. 50 ఫిరంగుల ఓడబొమ్మ దొరకనిచో 74 ఫిరంగుల ప్లాస్టిక్ బొమ్మనే కుదింపవచ్చును. ఇందుకొక మంచి అనుకూలము కలదు. పెద్ద ఓడకు క్రింది అంతస్తున ఒక్కొక్క ప్రక్కను 14 ఫిరంగి కిటికీలు, చిన్నదానికి 11. కావున నడుమ మూడు కిటికీల మేర, సుమారు తొమ్మిది మిల్లీమీటర్లు, సన్నని రంపముతో కోసి తీసివేసి, రెండు తునకలను అతికినచో పొడవు సరిపోవును. పై వరుసలో ఎక్కువైన కిటికీని పూడ్చి రంగు వేయవలెను. వెడల్పునకై ప్రక్కల నొక్కొక్క మిల్లీమీటరు మేర ఉప్పుకాగితముతో అరుగదీయవలెను. నీటిగీతకు దిగువ భాగమున్నచో దానిని కోసివేసి, అడుగున గట్టి అట్టముక్కను అతికినచో ఓడ బల్లమీద నిలుకడగా నిలుచును.

తరువాత తెరచాపలు. ప్లాస్టిక్ చాపలను కత్తిరించి తీసివేసి, అడ్డకొయ్యలను మాత్రము నిలుపవలెను. పలుచని కాగితపు పేలికను జిగురునీటిలో ముంచి, పుల్లమీద చుట్టి, అడ్డకొయ్య పైభాగమున అతికి, దారముతో అక్కడక్కడ బిగించినచో చుట్టివేసిన చాపవలె కనబడును. తెరకొయ్యలు విరిగినచో వెదురుపుల్లలను సన్నగా చెక్కి వాడవచ్చును. వీనిని బొమ్మకు శాశ్వతముగా అతికింపక, సూదితో చేసిన రంధ్రములలో గ్రుచ్చినచో మరింత మేలు. ఓడ లంగరు వీడినపుడు చుట్టిన చాపల కొయ్యలను తీసి, విప్పిన చాపల కొయ్యలను పెట్టవచ్చును. ముందుభాగమునుండి ఒక నల్లదారమును దించి చిన్న ముడి వేసినచో అదే లంగరు త్రాడు. యుద్ధములో సెంచూరియన్ లంగరు త్రాడు తెగినది గనుక ఈ దారము ఊడదీయుటకు వీలుగా నుండవలెను.

మన సీమ వాతావరణమును గూర్చి రెండు మాటలు. క్షణములో పట్టు జిగురులు గాలిలోని తేమతోనే గట్టిపడును. కావున వేసవి పొడిగాలిలో అవి ఆలస్యముగా పట్టును. తొందరపడి కదల్పరాదు. ప్లాస్టిక్ ఓడను మిట్టమధ్యాహ్నపు ఎండ తగులు కిటికీలో ఉంచినచో తెరకొయ్యలు వంగిపోవును. పాతకాలపు లోహపు బొమ్మలలో సీసము ఉండవచ్చును. వానిని పొడిగా అరుగదీయక నీటితో తడిపి రుద్ది, చేతులు కడుగుకొనవలెను. ఆ పని పిల్లల కప్పగింపరాదు.

ఇప్పుడు బల్ల. నీలిగుడ్డ పరచి, ఒకవైపు అట్టతో తీరమును చూపుడు. మన కొలతలో అరమైలు దూరము సుమారు 67 సెంటీమీటర్లగును. తీరమును ఆనుకొని లేతరంగు గుడ్డను పరచినచో అది లోతు తక్కువ నీరు. ఏడు మీటర్లకు పైగా నీరు కావలసిన మారెంగో అందులోనికి రాగూడదు. సెప్టెంబరులో నైరుతిగాలి ఇంకను వీచుచుండును గనుక బల్లకు ఆ మూలను ఒక బాణపు గుర్తు ఉంచుడు. తెరచాపల ఓడ గాలికి ఎదురుగా పోలేదు. గాలి వచ్చు దిక్కునకు సుమారు 67 డిగ్రీలకంటె దగ్గరగా దాని ముఖము నిలువదు. లిండ్ పాత్ర వహించువాడు మొదటి కొన్ని ఎత్తులు బల్లకు దూరముగా కూర్చుండవలెను. అంతవరకు ఫిలిప్స్ ఆడును. పడవ బొమ్మ ఓడను తాకిన పిదపనే కెప్టెనునకు వంతు వచ్చును.

ఫిరంగుల లెక్కలో ఒక పొరపాటు సులభముగా దొరలును. 74కును 50కిని గల భేదము ఒకటిన్నర వంతు మాత్రమే యని తోచును. కాని ఓడలు కట్టిననాటి ప్రమాణములను బట్టి గుండ్ల బరువు కూడినచో, మారెంగో ఒక ప్రక్కనుండి ఒక్కమారు విసరు ఇనుము సుమారు 410 కిలోలు. సెంచూరియన్ విసరునది సుమారు 188 కిలోలు. అనగా రెట్టింపునకు పైమాటే. ఈ బరువులనే నియమముగా పెట్టుకొని ఆడినచో ప్రతిమారును ఫ్రెంచివారే గెలుతురు. చరిత్రలో అట్లు జరుగలేదు. ఏల?

ఇచ్చటనే ఆటకు విలువ వచ్చును. లినోవా స్వదేశమునకు బహుదూరమున నున్నాడు. తెరకొయ్య విరిగినచో బాగుచేసికొనుటకు ఈ తీరమున అతనికి చోటు లేదు. పైగా అదే సంవత్సరము ఫిబ్రవరిలో పులో అవురా దీవివద్ద వర్తకపు ఓడలు కొన్ని యుద్ధనౌకల జెండాలెత్తి అతనిని మోసగించి తరిమియుండెను. అట్టివాడు విశాఖ రేవులో మెట్టనీటికి దగ్గరగా పోవుటకు సాహసింపక దూరమునుండియే కాల్పించెను. కావున ఫ్రెంచి ఆటగానికి ఒక నియమము చేర్చవలెను: మారెంగో తెరకొయ్య ఒక్కటి కూలినను గెలుపు అతనిది కాదు. ఈ ఒక్క నియమము చేర్చినంతనే, బలవంతుడు కూడ చేయి వెనుకకు తీయుట మనకు అర్థమగును. ఇనుము లెక్క చెప్పని సంగతిని ఆట చెప్పును.

ఆట ముగిసినపిదప ఓడలను దూదిలో పెట్టి పెట్టెలో దాచునపుడు, సెంచూరియన్ మీద ఒకడు మరణించెననియు తొమ్మండ్రు గాయపడిరనియు పిల్లలకు చెప్పుడు. అరచేతిలో నిముడు ఆ బొమ్మ వందలమంది మనుష్యులుండిన యిల్లు. ఆ సంగతి తెలిసిన పిల్లలు ఎన్నడైనను విశాఖ ఒడ్డున నిలిచినపుడు, ఏ నీరు లోతో, గాలి ఏ మూలనుండి వచ్చుచున్నదో తమంతట తామే చూచుకొందురు.