బేస్ గిటార్ గర్జించేదెలా?

రాక్ పాటల్లో బేస్ గిటార్ కొన్నిసార్లు గరగరమంటూ గర్జిస్తుంది. ఎలా?

తీగ కదలికను గిటార్‌లోని పికప్ అనే భాగం విద్యుత్ తరంగంగా మారుస్తుంది. కాలితో నొక్కే పెడల్ అనే పరికరం ఆ తరంగాన్ని బాగా పెంచి, హద్దు దాటిన కొనలను కత్తిరిస్తుంది. ఈ కోత ఓవర్‌డ్రైవ్ రకం పెడల్‌లో మెత్తగా, డిస్టార్షన్ రకంలో పదునుగా ఉంటుంది.

నాలుగు తీగల బేస్‌లో అన్నిటికన్నా లావు తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. కోత పడ్డాక దానికి రెండింతల, మూడింతల కంపనాలు బలపడతాయి. అందుకే చిన్న స్పీకర్లోనూ బేస్ స్పష్టంగా వినిపిస్తుంది.

మరి మామూలు గిటార్ పెడల్ వాడితే? వాటిలో చాలావరకు మంద్ర ధ్వనిని తగ్గించేస్తాయి. బేస్ బలమే ఆ మంద్ర ధ్వని! అందుకే చాలా బేస్ పెడళ్లకు బ్లెండ్ నాబ్ ఉంటుంది. అది అసలు ధ్వనినీ, గర్జననూ కలిపి పంపుతుంది.

మెటాలికా బృందం 1983 నాటి తొలి ఆల్బమ్‌లో బేసిస్ట్ క్లిఫ్ బర్టన్ డిస్టార్షన్‌తో వాయించిన బేస్ సోలో తప్పక వినండి.