బకెట్ నీళ్లకు ఆరు పాటలు

ఈ చలికాలం నేను ఏం కొన్నాను, ఏం వింటున్నాను, ఈ ఎపిసోడ్ అంతా అదే. కొన్నవి రెండే. పంజాగుట్టలో ఒక స్వెట్టర్, అమీర్‌పేటలో ఒక హీటర్ రాడ్. స్వెట్టర్ గురించి చెప్పడానికేం లేదు, వెచ్చగా ఉంది. రాడ్ గురించే మాట్లాడాలి.

హైదరాబాద్ సముద్రానికి దూరం, పైగా దక్కన్ పీఠభూమి మీద 500 మీటర్లకు పైన ఎత్తులో ఉంది. డిసెంబర్, జనవరిలో గాలి పొడిగా, ఆకాశం తేటగా ఉంటుంది కాబట్టి పగలు నేల పట్టుకున్న వేడి రాత్రికి ఆగదు. మధ్యాహ్నం మైత్రీవనం దగ్గర చెమట తుడుచుకున్నవాడే తెల్లారి దుప్పటి వదలడు. డాబా మీద ట్యాంకు నీళ్లు రాత్రంతా చల్లబడతాయి. హాస్టల్లో గీజర్ ఒకటే, దాని ముందు క్యూ. ఏడింటికి జావా క్లాసు ఉన్నవాడు రాడ్ కొనక ఏం చేస్తాడు?

బీటెక్ చదివినందుకు ఒక్క లెక్క. లీటరు నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి 4.2 కిలోజౌల్స్ కావాలి. 20 లీటర్ల బకెట్‌ని 20 డిగ్రీల నుంచి 45కి తేవాలంటే 2100. 1500 వాట్ల రాడ్ సెకనుకి ఒకటిన్నర ఇస్తుంది. అంటే 1400 సెకన్లు, 23 నిమిషాల పైచిలుకు. కరెంటు 0.6 యూనిట్ లోపే.

నాలుగేసి నిమిషాల పాటలైతే ఆరు! అలారం పెట్టుకోవచ్చు కదా అంటారు. అలారం పెట్టినవాడు మళ్లీ పడుకుంటాడు, పాటలు వినేవాడు మేలుకుని ఉంటాడు. స్పీకర్‌లోనే వినండి, ఇయర్‌ఫోన్స్ వద్దు.

నా లిస్టులో మొదటిది 'సంక్రాంతికి వస్తున్నాం'లో 'గోదారి గట్టు మీద'. భీమ్స్ మ్యూజిక్. 1998లో వెంకటేశ్ 'ప్రేమంటే ఇదేరా'కి సంగీతం ఇచ్చిన రమణ గోగుల, ఇన్నేళ్లకు మళ్లీ వెంకటేశ్‌కే గొంతు ఇవ్వడం, ఆ గొంతులో బరువు ఏమాత్రం తగ్గకపోవడం... నాకైతే సినిమా కన్నా పాటే ఎక్కువ. పక్కన పాడిన మధుప్రియే 'ఫిదా'లో 'వచ్చిండే' కూడా పాడింది, అది రెండోది. మిగతా నాలుగూ మీ ఇష్టం.

ఇప్పుడు అసలు మాట. 1500ని 230 వోల్టులతో భాగిస్తే ఆరున్నర ఆంప్స్. మంచం పక్కన ఫోన్ చార్జింగ్ పెట్టే సాకెట్ 6 ఆంప్స్‌ది. రోజూ అందులో రాడ్ పెడితే ప్లగ్గు వేడెక్కుతుంది, ప్లాస్టిక్ వాసన వస్తుంది. చవక ఎక్స్‌టెన్షన్ బాక్స్ అయితే ఇంకా తొందరగా. ఎర్త్ ఉన్న 16 ఆంప్స్ సాకెట్‌లోనే పెట్టండి. రాడ్ మీద ఐఎస్ఐ మార్కు చూడండి. ప్లాస్టిక్ బకెట్ వాడండి, రాడ్ మీద గీత వరకు నీళ్లు ఉండాలి. నీళ్లు కాగాయా లేదా అని వేలు పెట్టి చూసే అలవాటుంది చూశారా, ప్రాణాలు పోయేది అక్కడే. ముందు స్విచ్ ఆఫ్, తర్వాత ప్లగ్గు పీకాలి, రాడ్ బయటికి తీయాలి, ఆ తర్వాతే చెయ్యి.

బోర్డులో ఎంసీబీ ఉందిగా అని ధీమా వద్దు. అది లోడ్ ఎక్కువైతేనో, షార్ట్ అయితేనో పడిపోతుంది. మనిషి గుండెని ఆపే కరెంటు దానికి లెక్కలోకే రాదు. ఆ పని ఆర్‌సీసీబీది. 30 మిల్లీఆంప్స్ లీకైతే చాలు, లైన్ కట్ చేస్తుంది. హాస్టల్ ఓనర్‌ని, "అన్నా, మన బోర్డులో ఇది ఉందా?" అని ఈరోజే అడగండి. లేదంటే గీజర్ క్యూలోనే నిలబడండి.