మీకు తెలుసా? ఇసుక దిబ్బల దారికి ఏ బండి మేలు?

ఊళ్లకూ రోడ్లకూ దూరంగా, ఎడారి లోపలెక్కడో ఉన్న ఇసుక దిబ్బల దాకా వెళ్లాలంటే దేని మీద వెళ్లాలో ముందు తేల్చుకోవాలి. పెద్ద ఇంజను, ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటే చాలని చాలామంది నమ్మకం. ఎడారులు దాటినవాళ్ల అనుభవం వేరే చెబుతోంది. ఇసుక మీద బండి సాగుతుందా, కూరుకుపోతుందా అన్నది దాని బరువు తేలుస్తుంది. ఎంత దూరం వెళ్లగలదన్నది వెంట ఉన్న నీళ్లు తేలుస్తాయి. ఈ రెండు లెక్కలూ ఎవరెవరు ఎలా వేసుకున్నారో చూద్దాం.

ఒంటెకు గిట్టలుండవు

ఆవుకీ గుర్రానికీ ఉన్నటువంటి గట్టి గిట్ట ఒంటెకు లేదు. రెండు వేళ్లు, వాటి చివర గోళ్లు, కింద వెడల్పాటి మెత్తటి అరికాలు. అడుగు పడగానే ఆ అరికాలు పరుచుకుని బరువును ఎక్కువ చోటుకు పంచుతుంది. అందుకే కాలు ఇసుకలో అంతగా దిగబడదు. మూపురంలో దాచుకునేది నీరు కాదు, కొవ్వు. నీటి పొదుపు కిటుకు మరోచోట ఉంది. దప్పికతో ఉన్న ఒంటె శరీర ఉష్ణోగ్రత తెల్లవారుజామున 34 డిగ్రీల దాకా దిగి, మధ్యాహ్నానికి 41 డిగ్రీల దగ్గరికి చేరుతుంది. మనిషికైతే అది ప్రాణాల మీదికి తెచ్చే జ్వరం. ఒంటె మాత్రం అంత వేడెక్కేదాకా చెమటను ఆపుకుని నీటిని మిగుల్చుకుంటుంది. ఒంటి బరువులో నాలుగో వంతు నీరు పోయినా తట్టుకుంటుంది. బావి దగ్గరికి చేరాక పది పదిహేను నిమిషాల్లో వంద లీటర్ల దాకా తాగేస్తుంది.

తాగలేని నీటి నుంచి పాలు

అరేబియా దక్షిణ భాగంలోని రుబ్ అల్ ఖాలీ దాదాపు 6,50,000 చదరపు కిలోమీటర్ల మేర ఉంది. తెంపు లేకుండా పరుచుకున్న ఇసుక ఎడారుల్లో ప్రపంచంలో ఇదే పెద్దది. బ్రిటన్‌కు చెందిన బెర్ట్రమ్ థామస్ 1930 డిసెంబరులో ఒమన్‌లోని సలాలా నుంచి బెదూయిన్లతో కలిసి ఒంటెల మీద బయలుదేరి, 1931 ఫిబ్రవరిలో దోహా చేరాడు. పాశ్చాత్యుల్లో ఆ ఎడారిని దాటిన మొదటివాడు ఆయనే. అక్కడి బావుల్లో చాలావాటి నీరు మనుషులు తాగలేనంత ఉప్పన. ఒంటెలు ఆ నీరు తాగేవి, మనుషులు ఒంటెపాలు తాగేవారు. దారిలో పచ్చి మేత దొరికితే పాలకు లోటుండేది కాదు. ఏ మోటారు బండీ ఇవ్వలేని సాయం ఇది. 2021 డిసెంబరులో ఒమన్, సౌదీ అరేబియాల మధ్య ఈ ఎడారి మీదుగానే తారు రోడ్డు తెరిచారు.

మంచు కోసం పుట్టింది, సహారాకు పనికొచ్చింది

1922 డిసెంబరు 17న అల్జీరియాలోని తుగ్గుర్ట్ నుంచి ఐదు సిట్రోయెన్ బండ్లు సహారాలోకి బయలుదేరాయి. వాటికి ముందు మామూలు చక్రాలు. వెనక చక్రాల చోట యుద్ధ ట్యాంకులకు ఉండే తరహా పట్టాలు, ఇనుముకు బదులు రబ్బరువి. వాటి రూపకర్త అడోల్ఫ్ కెగ్రెస్ అంతకుముందు రష్యా చక్రవర్తి రెండో నికొలస్ కార్ల బాగోగులు చూసిన ఇంజనీరు. మంచులో కార్లు దిగబడకుండా ఈ ఏర్పాటు చేశాడు. బరువును పొడవాటి పట్టా మీద పంచడమే ఇందులోని సూత్రం, అది ఇసుకకూ సరిపోయింది. 1923 జనవరి 7న బండ్లు టింబక్టు చేరాయి. ఒంటెల బిడారుకు నెలలు పట్టే దారి మూడు వారాల్లో పూర్తయింది. మోటారు బండ్ల మీద సహారాను దాటడం అదే మొదలు.

మామూలు ఫోర్డుతో ఇసుక సముద్రంలోకి

ఈజిప్టు, లిబియా సరిహద్దులో గ్రేట్ శాండ్ సీ అనే దిబ్బల మైదానం ఉంది. బ్రిటిష్ సైన్యపు ఇంజనీరు రాల్ఫ్ బ్యాగ్నల్డ్ 1929, 1930లలో సెలవు రోజుల్లో స్నేహితులతో కలిసి అక్కడికి బయలుదేరాడు. ఆయన ఎంచుకున్నది ఖరీదైన ప్రత్యేక బండి కాదు, బజారులో దొరికే ఫోర్డు మోడల్ ఏ కారు. అవసరం లేని భాగాలు తీసేసి బరువు తగ్గించాడు, టైర్లలో గాలి తగ్గించాడు. రేడియేటర్‌లో నీళ్లు మరిగి ఆవిరైపోకుండా, ఆ ఆవిరిని గొట్టం ద్వారా పక్కనున్న నీళ్ల డబ్బాలోకి పంపాడు. ఆవిరి అక్కడ నీరుగా మారేది, ఇంజను చల్లబడ్డాక ఆ నీరు మళ్లీ రేడియేటర్‌లోకే వెళ్లేది. కైరోలోని పాత ఇనుప సామాన్ల కొట్టులో దొరికిన ఉక్కు రేకులు కూరుకుపోయిన చక్రాల కిందికి పనికొచ్చాయి. కారులోని ఇనుము వల్ల మామూలు దిక్సూచి దారి తప్పిస్తుంది కాబట్టి, సూది నీడను బట్టి దిక్కు చూపే సూర్య దిక్సూచిని వాడాడు. అలా 1930లో ఆ ఇసుక సముద్రాన్ని తూర్పు నుంచి పడమరకు దాటాడు.

నాలుగు చక్రాల బలం వద్దనుకున్న సైన్యం

రెండో ప్రపంచ యుద్ధంలో, 1940లో, బ్యాగ్నల్డ్ ఈజిప్టులో లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూప్ అనే దళాన్ని ఏర్పాటు చేశాడు. శత్రువుల వెనక వందల కిలోమీటర్ల ఎడారిలో తిరగడం దాని పని. మొదట్లో అందులో ఎక్కువమంది న్యూజిలాండ్ సైనికులు. ఆ దళం ఎక్కువగా వాడినవి ఫోర్ వీల్ డ్రైవ్ ట్రక్కులు కావు. వెనక రెండు చక్రాలకే ఇంజను శక్తి అందే షెవ్రొలే ట్రక్కులను కోరి తెచ్చుకుంది. అవి తేలిక, పెట్రోలు తక్కువ తాగుతాయి. దారిలో బంకులు లేని చోట ఆదా అయిన ప్రతి లీటరూ ముందుకు వెళ్లగల దూరమే.

టైరులో గాలి తీయడం ఎందుకు?

దుబాయ్ ఎడారి సఫారీకి వెళ్లినవాళ్లు చూసే ఉంటారు. తారు రోడ్డు అయిపోగానే డ్రైవరు బండి ఆపి టైర్లలో గాలి తీస్తాడు. రోడ్డు మీద 35 పీఎస్ఐ దగ్గర ఉండే గాలి ఇసుకలో 15 నుంచి 18కి దిగుతుంది. మెత్తబడిన టైరు నేలను తాకే భాగం పొడవుగా సాగుతుంది, బరువు పంచుకుంటుంది. ఒంటె అరికాలు చేసే పని ఇదే. అయితే ఆ గాలితో గట్టిగా మలుపు తిప్పితే టైరు రిమ్ము నుంచి ఊడిపోవచ్చు, రోడ్డెక్కాక వేగంగా పోతే వేడెక్కి పగిలిపోవచ్చు. గాలి కొట్టుకునే కంప్రెసర్ వెంట లేకుండా ఇసుకలోకి దిగకూడదు.

దిబ్బకు ఏటవాలు ఒకవైపే ఎక్కువ

గాలి వచ్చే వైపు దిబ్బ వాలు నెమ్మదిగా, గట్టిగా ఉంటుంది. గాలి మరుగు వైపు ఇసుక జారి పడి, 30 డిగ్రీలకు పైబడిన వాలు, వదులు నేల ఏర్పడతాయి. అందుకే ఎటు నుంచి ఎటు వెళ్తున్నామన్నదీ బండి ఎంపికలో భాగమే. ఆస్ట్రేలియాలోని సింప్సన్ ఎడారిలో వెయ్యికి పైగా దిబ్బలు వరసలు కట్టి ఉంటాయి. వాటి తూర్పు వైపు నిటారు. కాబట్టి పడమర నుంచి తూర్పుకు దాటడం సులువు. 1962లో భూగర్భ శాస్త్రవేత్త రెగ్ స్ప్రిగ్ భార్యాపిల్లలతో కలిసి నిస్సాన్ పేట్రోల్ అనే మోడల్ బండిలో దీన్ని దాటారు. మోటారు బండిలో ఆ ఎడారిని దాటడం అదే మొదటిసారి. దిబ్బ అవతల నుంచి ఎవరొస్తున్నారో కనిపించదు కాబట్టి, ఇప్పుడు అక్కడ ప్రతి బండికీ పొడవాటి కర్రకు జెండా కట్టడం తప్పనిసరి. వేసవి తీవ్రంగా ఉండే డిసెంబరు నుంచి మార్చి మధ్య దాకా ఆ ఎడారిలోని పార్కును మూసేస్తారు.

ముందు నీళ్లు, తర్వాత బండి

మనిషికి రోజుకు 5 లీటర్ల చొప్పున లెక్కేసినా, నలుగురికి వారం రోజులకు 140 లీటర్లు కావాలి. అంటే 140 కిలోలు. బండి చెడిపోతే వేచి ఉండాల్సిన రోజులకు ఇంకొంత. మెత్తటి ఇసుకలో పెట్రోలు, డీజిలు ఖర్చు రోడ్డు మీదకన్నా బాగా పెరుగుతుంది, ఆ డబ్బాల బరువూ కలపాలి. ఇవన్నీ కలిపాకే ఎంత బండి కావాలో తెలుస్తుంది. ఒంటరి బండితో వెళ్లకపోవడం మేలన్నది కూడా ఈ లెక్కలోనిదే. ఒకటి దిగబడితే లాగడానికి రెండోది ఉండాలి.

దిబ్బల వైపు రైలు

ఆఫ్రికా పడమటి తీరాన మౌరిటానియాలో, జువేరాత్ గనుల నుంచి నువాదిబూ రేవు దాకా సుమారు 700 కిలోమీటర్ల రైలు మార్గం సహారా మీదుగా వెళ్తుంది. 1963 నుంచి ఇనుప ఖనిజం మోస్తోంది. రైలు పొడవు రెండు కిలోమీటర్లు దాటుతుంది. స్థానికులు ఖనిజం పెట్టెల మీదే ఎక్కి ప్రయాణిస్తుంటారు. దారిలోని షూమ్‌లో దిగితే, అతార్ మీదుగా షింగెట్టీ అనే పురాతన పట్టణం, దాన్ని ఆనుకున్న దిబ్బలు. దూరమంతా ఒకే బండి మోయనక్కర్లేదని ఈ దారి చెబుతుంది.

అంగారకుడి మీదా ఇసుకే అడ్డం

2009లో నాసా రోవర్ స్పిరిట్ అంగారకుడి మీద మెత్తటి మట్టిలో కూరుకుపోయింది. ఆరు చక్రాలున్నా మళ్లీ బయటపడలేదు, మరుసటి ఏడాది దాని సంకేతాలు ఆగిపోయాయి. 2015 చివర్లో క్యూరియాసిటీ రోవర్ అక్కడి ఇసుక దిబ్బల్ని దగ్గర నుంచి పరిశీలించింది. వాటికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు బ్యాగ్నల్డ్ దిబ్బలు. ఫోర్డు కారుతో ఎడారి దాటిన ఆ ఇంజనీరు, ఇసుక గాలికి ఎలా కదులుతుందో వివరిస్తూ 1941లో రాసిన పుస్తకం నేటికీ ఈ శాస్త్రానికి పునాది.

థార్‌లో ఒంటెబండికి విమానం టైర్లు

రాజస్థాన్‌లో ఒంటెలు లాగే బండ్లకు పాత విమానాల టైర్లు బిగించడం మామూలు. అవి వెడల్పు, గట్టివి, ఇసుకలో కూరుకుపోవు. కానీ ఆ బండ్లు లాగే ఒంటెలే తగ్గిపోతున్నాయి. 2012 పశుగణనలో దేశంలో 4 లక్షల ఒంటెలుంటే, 2019 నాటికి 2.5 లక్షలే మిగిలాయి. పొలం పనీ రవాణా ట్రాక్టర్లకు వెళ్లిపోయాక, ఒంటెను పోషించే కుటుంబాలకు మిగిలిన కొద్దిపాటి ఆదాయాల్లో పర్యాటకం ఒకటి.

మన హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో జైసల్మేర్ వెళ్లేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలని నా కోరిక. జైసల్మేర్ దాకా రైలుంది. అక్కడి నుంచి సామ్ దిబ్బలకు 40 కిలోమీటర్ల చక్కటి రోడ్డు, ఏ కారైనా చాలు. రోడ్డు ఆగిన చోట జీపు ఎక్కించుకుని దిబ్బలు దున్నించే బేరాలు బోలెడు దొరుకుతాయి. వాటిని వదిలి ఒంటెను గానీ ఒంటెబండిని గానీ ఎంచుకోండి. దిబ్బ మీద మొలిచిన గడ్డీ పొదలూ నలగవు, ఇచ్చిన డబ్బు ఒంటెను మేపే ఇంటికి చేరుతుంది. ఆ నాలుగు అడుగుల దూరానికి ఇసుక మీద అంతకన్నా బాగా నడిచే వాహనం ఇంకా ఎవరూ తయారు చెయ్యలేదు.