బీడు నిలిచింది, పిట్ట ఏదీ?

రెవెన్యూ లెక్కల్లో అది బంజరు. రాళ్లు తేలిన ఎర్రనేల, అక్కడక్కడా నల్లరేగడి. గొర్రెల కాపరికి మాత్రం అది బీడు, నాలుగు చినుకులు పడితే మందకు మేత. ఈ ఇద్దరికంటే ముందునుంచీ ఆ మెట్ట మీద కాపురమున్నది బట్టమేక పిట్ట.

నంద్యాల జిల్లా మిడుతూరు మండలంలోని రోళ్లపాడు బీళ్లను ఆ పిట్ట కోసమే 1988లో అభయారణ్యంగా ప్రకటించారు. అరణ్యం అనడమే విడ్డూరం, చెట్లు లేకపోవడమే ఆ చోటి గొప్ప. మొత్తం 614 హెక్టార్లు, అంటే పదిహేను వందల ఎకరాల పైచిలుకు.

బట్టమేక పిట్ట మీటరు ఎత్తు ఉంటుంది. మగది పదిహేను కిలోల దాకా తూగుతుంది, అంత బరువుతోనూ ఎగురుతుంది. గూడు కట్టడం దానికి రాదు. నేల మీదే గుడ్డు పెడుతుంది, అదీ చాలాసార్లు ఒక్కటే. ఒక గిట్ట పడినా, ఒక కుక్క పసిగట్టినా ఆ ఏడాది సంతానం లేనట్టే. అందుకే కొన్ని ముక్కల చుట్టూ కందకాలు తవ్వి పశువుల్ని ఆపారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు 1980లలో ఇక్కడ మకాం వేసి ఆ పిట్ట నడకనూ తిండినీ గమనించారు.

మేత ఆగేసరికి గడ్డి లేచింది. వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కృష్ణజింకలు వందల్లోకి పెరిగాయి. మధ్య ఆసియా నుంచి చలికాలానికి వచ్చే పిల్లిగద్దలు పగలంతా మిడతల్ని వేటాడి, రాత్రి ఆ గడ్డిలోనే గుంపులుగా పడుకునేవి. ఇంతవరకూ గెలుపే.

చిక్కంతా గడ్డి ఎత్తు దగ్గర వచ్చింది. పిల్లిగద్దకు ఒత్తుగా పెరిగిన గడ్డి హాయి. వానాకాలంలో గాల్లోకి ఎగిరెగిరి దూకే నేలనెమలికీ దాక్కోవడానికి గుబురు కావాలి. బట్టమేక పిట్ట తీరు వేరు. మెడ ఎత్తితే నాలుగు దిక్కులూ కనబడాలి; మగది మెడతిత్తి ఉబ్బించి ఆడదాన్ని పిలిచేది పొట్టిగడ్డి మీదే. మంద మితిమీరితే దానికి గుడ్డు దక్కదు, మంద అసలే రాకపోతే చూపు ఆనదు. కందకానికి ఈ లెక్క తెలియదు. గొర్రెల కాపరిని కూర్చోబెట్టి అడిగి ఉంటే చెప్పేవాడేమో!

అడగలేదు సరికదా, మేత పోయిందన్న కోపం ఊళ్లకు మిగిలింది. దానికి తోడు జింకలు చేలల్లో పడ్డాయి. రాత్రంతా మంచె మీద కాపలా కాసే రైతుకు పిట్ట మీద ప్రేమ ఎక్కడినుంచి వస్తుంది?

ఆ పిట్టకు అభయారణ్యం పడకగది మాత్రమే. వంటిల్లు బయటుంది, చుట్టుపక్కల జొన్న, శనగ చేలల్లో. పక్కనే అలగనూరు జలాశయం వచ్చింది, కాలువ నీళ్లతో పైర్లు మారాయి. నీళ్లొద్దని రాయలసీమ రైతుకు చెప్పే హక్కు ఎవరికీ లేదు. అయితే మెట్ట పైరు తగ్గినకొద్దీ పిట్ట తిండీ తగ్గింది. ఉమ్మడి కర్నూలు జిల్లాలోనే గని, శకునాల మెట్టల మీద వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు వెలిసింది. హైటెన్షన్ తీగలు ఈ పిట్టకు ఎక్కడైనా యములే. తలకు రెండు పక్కలా కళ్లున్న పక్షి కదా, ఎదురుగా ఉన్న తీగ సరిగా ఆనదు. బరువు వల్ల చటుక్కున పక్కకు తప్పుకోలేదు కూడా.

దేశం మొత్తం మీద బట్టమేక పిట్టలు నూటయాభైకి అటూఇటూ మిగిలాయని అంచనా, ఎక్కువ భాగం రాజస్థాన్‌లోనే. రోళ్లపాడులో కనబడటం దాదాపు ఆగిపోయింది. జైసల్మేర్ ప్రాంతంలో 2019 నుంచి గుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచుతున్నారు. వాటిలో నాలుగు ఎప్పుడైనా ఇటు వస్తాయనుకుందాం. అప్పటికి ఏ ముక్కలో గడ్డి కోయాలో, ఏ ముక్కలోకి ఏ నెలలో ఎన్ని గొర్రెల్ని వదలాలో తేలి ఉండాలి. ఆ పంచాయితీలో ఒక కుర్చీ కాపరికి వేయాలి. ప్రస్తుతానికి ఎండలు ముదరగానే పిల్లిగద్దలు ఉత్తరానికి వెళ్లిపోతాయి. కందకానికి లోపల గడ్డి ఎండుతుంది, అవతల మంద ఆకలితో నిలబడుతుంది.