ఉలికి తోడు ప్లయివుడ్ అచ్చు

రెడీమేడ్ తలుపులు ఊళ్లలోకి వచ్చాక వడ్రంగులకు పని తగ్గింది. నిలదొక్కుకోవాలంటే వేగం కావాలి. రౌటర్ మిషన్ వేగమిస్తుంది గాని, ఉత్త చేత్తో నడిపితే గాడి వంకరపోయి కుసి వదులవుతుంది. దీనికి విరుగుడు ప్లయివుడ్ ముక్కతో సొంతంగా చేసుకునే అచ్చు. కిటుకంతా కొలతలోనే! బిట్టు 12 మిల్లీమీటర్లు, మిషన్ అడుగున ఉండే గైడ్ బుష్ బయటి కొలత 18 అయితే, అచ్చులోని రంధ్రం కావలసిన గాడి కంటే పొడవునా వెడల్పునా 6 మిల్లీమీటర్లు పెద్దదిగా ఉండాలి. అచ్చును కర్రకు క్లాంపులతో బిగించి, విడతకు 5 మిల్లీమీటర్ల లోతున తొలవాలి. ఒక్కసారే దింపితే టేకు మాడుతుంది. గాడి మూలలు గుండ్రంగా మిగులుతాయి గనుక చదరం చేయడానికి మళ్లీ పాత ఉలి తీయవలసిందే. నిమిషానికి 20,000 చుట్లకు పైగా తిరిగే మిషన్ వద్దకు కళ్లద్దాలు లేకుండా, లుంగీ కొస వేలాడేసుకుని పోరాదు. బిట్టు మార్చేముందు ప్లగ్గు పీకాలి.