అన్నవాళ్లెవరూ లేని ‘అని’

బేగంపేట ఎమ్మెమ్టీఎస్ స్టేషన్‌లో కాసేపు నిలబడితే చాలు, ‘ట్రైన్ లేట్ హై బోల్కే బోలే’ లాంటి మాట చెవిన పడుతుంది. లక్నో నుంచి వచ్చినవాళ్లకు ఇందులో ఒక ‘బోల్’ ఎక్కువైనట్టు ఉంటుంది. వాళ్లయితే ‘ఉన్హోఁనే కహా కి ట్రైన్ లేట్ హై’ అంటారు. చెప్పారన్నది ముందు, చెప్పిన సంగతి ‘కి’ తర్వాత. మనకు మాత్రం ఈ హైదరాబాదీ ఉర్దూ (దక్కనీ) వాక్యం ఏమాత్రం కొత్తగా ఉండదు. ‘ట్రైన్ లేటని చెప్పారు’ అన్న వరసే అది. ‘అని’ ఉండాల్సిన చోట ‘బోల్కే’ కూర్చుంది.

ఈ ‘అని’ చిత్రమైనది. ‘తిని’, ‘చూసి’ లాగే ఇదీ ‘అను’ క్రియకు క్త్వార్థక రూపం. ‘వస్తానని అన్నాడు’లో నోటితో పలికిన మాట ఉంది, సరే. ‘వాన పడుతుందని గొడుగు తెచ్చాను’లో అన్నదెవరు? ఎవరూ లేరు. అక్కడ ‘అని’ కారణం చెబుతోంది. ‘దబ్బుమని పడ్డాడు’లో చప్పుడును పట్టి ఇస్తోంది. ‘అను’కు ‘కొను’ చేరితే అనుకోవడం, అంటే తనకు తాను చెప్పుకోవడమే ఆలోచన అయింది. ఆ మాటకొస్తే, ఇప్పుడు నేను వాడిన ‘అంటే’ కూడా ఈ క్రియ బిడ్డే. ఇలా క్రియ అసలు అర్థం అరిగి, వాక్యాన్ని అతికే పనిముట్టుగా మారడాన్ని భాషావేత్తలు వ్యాకరణీకరణం అంటారు. చెప్పడం అనే క్రియకు ఈ గతి పట్టడం మామూలే: మరాఠీ ‘మ్హణూన్’, బెంగాలీ ‘బోలే’, పశ్చిమాఫ్రికాలో ఎవే భాష ‘బే’.

డచ్చి పండితుడు ఎఫ్.బి.జె. కైపర్ 1967లో ఇంకా వెనక్కి వెళ్లాడు. అన్న మాట చివర సంస్కృతం ‘ఇతి’ పెట్టే పద్ధతికి ద్రావిడ భాషల ప్రభావమే కారణమన్నాడు. సంస్కృతం తనంతట తానే ఆ దారి పట్టి ఉండొచ్చని వాదించినవాళ్లూ ఉన్నారు. వేదకాలపు సంభాషణ మనం వినలేం గనక ఆ తగువు తేలడం కష్టం.

‘బోల్కే’ అలా కాదు, రెండు భాషలూ ఒకే ప్లాట్‌ఫారం మీద వినిపిస్తున్నాయి. హర్‌బీర్ అరోరా, కె.వి. సుబ్బారావు వంటి పరిశోధకులు దక్కనీ వాక్యం తెలుగు పోకడలు పోవడాన్ని వివరంగా చూపించారు. తెలుగు నుంచి ఇక్కడ ఒక్క మాటా వెళ్లలేదు. ‘బోల్’, ‘కే’ రెండూ ఉత్తరాదివే, కూర్పు దక్షిణాదిది. ఈ ఘనతంతా తెలుగుదే అనడానికి మాత్రం నాకు నోరు రాదు. 14వ శతాబ్దంలో ఢిల్లీ సేనల వెంట దక్కనుకు దిగిన దక్కనీకి మొదట ఎదురైన ఇరుగుపొరుగుల్లో మరాఠీ ఉంది, కన్నడం ఉంది. వాటిలోనూ ఇదే వరస.